తెర నల్లగా ఉంది సరే, లోపం ఎక్కడ? – సొంతంగా కట్టుకునే కేవీఎం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. స్లయిడ్లు తక్కువ, బల్ల మీద వైర్లు ఎక్కువ, కాబట్టి వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి వచ్చేయండి, చూపించాల్సినవన్నీ చిన్న చిన్న వస్తువులే.

ముందు ఒక సందేహం తీర్చేస్తాను, ఈ కేవీఎం పెట్టె (కీబోర్డు, వీడియో, మౌస్ అన్న మాటలకి పొట్టి పేరు) చూపించగానే అందరూ అడిగేది అదే. ఎనీడెస్క్ ఉంది, రిమోట్ డెస్క్‌టాప్ ఉంది, ఎస్‌ఎస్‌హెచ్ ఉంది, ఇవన్నీ ఉండగా మళ్లీ ఇదెందుకు? అవన్నీ విండోసో లైనక్సో పూర్తిగా లేచి కూర్చున్నాక పనికొచ్చేవండీ. అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి నీలం తెర వచ్చిందనుకోండి, బయోస్‌లో, అంటే కంప్యూటర్ లేవగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాములో, బూట్ ఆర్డర్ మారిపోయిందనుకోండి, డిస్క్ పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడిపోయిందనుకోండి, అక్కడ ఏ రిమోట్ సాఫ్ట్‌వేరూ మీ గోడు వినదు. ఆ కంప్యూటర్‌కి మానిటర్, కీబోర్డు తగిలించి ఎదురుగా కూర్చుంటే తప్ప కుదరని పనులు అవి. ఈ పెట్టె ఆ మానిటర్, ఆ కీబోర్డు తానే అయిపోతుంది, మీరు ఎక్కడున్నా బ్రౌజర్‌లో తెరిచి వాడుకుంటారు. అవతలి కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, దాని దృష్టిలో ఎవరో మామూలు మానిటర్, యూఎస్‌బీ కీబోర్డు పెట్టారు, అంతే.

సర్వర్లలో ఇది కొత్తేం కాదు. మదర్‌బోర్డు మీదే ఒక చిన్న కంప్యూటర్ విడిగా ఉంటుంది, సర్వర్ ఆఫ్‌లో ఉన్నా అది మేలుకునే ఉంటుంది. దానితో మాట్లాడే ఐపీఎంఐ అనే పద్ధతిని ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి 1998లోనే తెచ్చాయి. మన టేబుల్ కింద ఉండే మామూలు కంప్యూటర్లకి ఆ భాగ్యం లేదు, అందుకని బయట నుంచి తగిలిస్తున్నాం. దీన్నే కేవీఎం ఓవర్ ఐపీ, అంటే నెట్‌వర్క్ మీదుగా నడిచే కేవీఎం అంటారు. పైకేవీఎం అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉంది, నేను ఇవాళ చెప్పేది ఎక్కువగా దాని చుట్టూనే, కానీ మీరు వేరే సాఫ్ట్‌వేర్ వాడినా లోపాలు మాత్రం ఇవే వస్తాయి.

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఒక్కటే. ఈ పెట్టె చూడటానికి ఒకటే అయినా లోపల ఒకదానితో ఒకటి సంబంధం లేని దారులు నాలుగున్నాయి. బొమ్మ లోపలికి వచ్చే దారి, కీబోర్డు మౌస్ బయటికి వెళ్లే దారి, పవర్ బటన్ నొక్కే దారి, మీ బ్రౌజర్ దాకా వచ్చే నెట్‌వర్క్ దారి. పనిచెయ్యట్లేదు అని ఎవరైనా అంటే నేను అడిగే మొదటి ప్రశ్న, ఏ దారి? బొమ్మ రాకపోతే కీబోర్డు కేబుల్ మార్చేవాళ్లని, మౌస్ కదలకపోతే సాఫ్ట్‌వేర్ ఉండే ఎస్‌డీ కార్డు మొత్తం చెరిపేసి మళ్లీ రాసేవాళ్లని చాలామందిని చూశాను. కార్డు మళ్లీ రాయడం వల్ల బాగుపడే జబ్బులు చాలా తక్కువండీ.

సరే, సామాను. బోర్డు విషయంలో నా సలహా సూటిగా చెప్తాను: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుల్లో 4, లేదంటే జీరో 2 డబ్ల్యూ. మీ దగ్గర 3 బీ మూల పడి ఉంటే దాన్ని దీనికి వాడాలని చూడకండి. బోర్డు ఒక కీబోర్డులా నటించాలంటే దాని యూఎస్‌బీ పోర్టు అటువైపు, అంటే పరికరం వైపు పనిచెయ్యగలగాలి, దాన్నే ఓటీజీ అంటారు, 3 బీలో ఆ సౌకర్యం బయటికి లేదు. మరి 5 కొత్తది కదా, ఇంకా వేగం కదా అంటారు. వేగమే, కానీ వీడియోని హెచ్‌264 అనే రూపంలోకి కుదించే హార్డ్‌వేర్ 4లో ఉంది, 5లో తీసేశారు. మన పనికి అదే ముఖ్యం. కొత్తదల్లా మంచిదని కొనేస్తే ఇక్కడ బోల్తా పడతాం.

బొమ్మ పట్టుకోవడానికి రెండు రకాలున్నాయి. ఒకటి ఇదిగో, యూఎస్‌బీ డాంగిల్, పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, ఒకవైపు హెచ్‌డీఎంఐ గుచ్చుతారు. రెండోది ఈ చిన్న ఆకుపచ్చ ముక్క, తోషిబా టీసీ358743 అనే చిప్ ఉంటుంది, రిబ్బన్ కేబుల్‌తో బోర్డు కెమెరా సాకెట్‌కి తగిలిస్తారు. దీన్ని సీఎస్‌ఐ బ్రిడ్జ్ అంటారు. డాంగిల్ సులువు, కానీ బొమ్మ ఆలస్యంగా వస్తుంది, దాదాపు 200 మిల్లీసెకన్లు, బ్రిడ్జ్‌తో అది సగానికి తగ్గుతుంది. 200 అంటే ఏముందిలే అనిపిస్తుంది, మౌస్ కదిపి చూస్తే తెలుస్తుంది, చెయ్యి ఆగాక కూడా బాణం గుర్తు నడుస్తూనే ఉంటుంది. దానికంటే పెద్ద ఇబ్బంది, కంప్యూటర్ బయోస్ నుంచి విండోస్‌లోకి వెళ్లేటప్పుడు రిజల్యూషన్ మారుతుంది కదా, చౌక డాంగిల్స్ కొన్ని అక్కడ బిక్కచచ్చిపోతాయి. మనకి కావాల్సిందే ఆ బయోస్ క్షణం. కాబట్టి వీలైతే బ్రిడ్జ్ తీసుకోండి. డాంగిలే ఉంటే దాన్ని సూచనల్లో చెప్పిన యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చండి, ఇష్టమొచ్చిన పోర్టులో కాదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క పోర్టులోనే వెతుకుతుంది.

ఇక ఇవాళ ఎక్కువసేపు ఆగాల్సిన చోటు, కరెంటు. సగం తలనొప్పులు ఇక్కడే పుడతాయి.

ఈ 4 బోర్డుని చూడండి. దీనికి కరెంటు ఇచ్చేది ఈ యూఎస్‌బీ-సీ పోర్టు. కీబోర్డులా నటించగలిగేది కూడా ఇదే పోర్టు. పక్కన నాలుగు పెద్ద పోర్టులున్నాయి కదా అంటే, అవి కీబోర్డుని పెట్టుకోవడానికే తప్ప తాము కీబోర్డు అవలేవు. అంటే ఒకే పోర్టులోకి అడాప్టర్ నుంచి కరెంటు రావాలి, అవతలి కంప్యూటర్‌కి డేటా పోవాలి. నేరుగా కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించేస్తే రెండు పనులూ అయిపోతాయి కదా అని అనిపిస్తుంది, కొన్నిసార్లు బోర్డు లేస్తుంది కూడా. కానీ మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇస్తానని మాటిచ్చేది అర ఆంపియరు, ఈ బోర్డు అడిగేది 5.1 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల అడాప్టర్. వీడియో మొదలుకాగానే కుంటుతుంది. పైగా కంప్యూటర్ ఆఫ్ అయితే మీ పెట్టె కూడా ఆఫ్, ఆఫ్ అయిన కంప్యూటర్‌ని లేపడానికే కదా ఈ తంటా అంతా!

అందుకని వై ఆకారపు కేబుల్ వాడతాం. ఒక కొస అడాప్టర్‌కి, ఒక కొస కంప్యూటర్‌కి, ఒకటి బోర్డుకి. ఇక్కడ చూడాల్సింది ఒక్క తీగ. కంప్యూటర్ వైపు వెళ్లే కొసలో 5 వోల్టుల తీగ, ఎర్రది, తెగి ఉండాలి, డేటా తీగలు రెండూ, గ్రౌండూ మాత్రమే వెళ్లాలి. అలా లేకపోతే అడాప్టర్, కంప్యూటర్ రెండూ ఒకే తీగలోకి 5 వోల్టులు తోస్తుంటాయి. రెండింటి మధ్యా కాస్త తేడా ఉన్నా ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానిలోకి కరెంటు పారుతుంది, మదర్‌బోర్డు పోర్టుకి అది మంచిది కాదు.

దీన్ని కనిపెట్టడం సులువు. అడాప్టర్ పీకేయండి, కంప్యూటర్ వైపు కేబుల్ ఉంచండి. ఇప్పుడు ఈ ఎర్ర లైటు చూడండి. ఆరిపోయింది కదా? ఆరిపోతే మీ కేబుల్ మంచిదే. లైటు మినుకుమంటూనే ఉందంటే వెనక దారిన కరెంటు వస్తోందన్నమాట. చాలా మదర్‌బోర్డులు కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా యూఎస్‌బీ పోర్టులకి 5 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. అప్పుడు మీరు పెట్టెని రీస్టార్ట్ చేద్దామని అడాప్టర్ పీకి మళ్లీ పెడతారు, అది అసలు పూర్తిగా ఆగదు, సగం ప్రాణంతో వేలాడుతూ ఉంటుంది, పెట్టాక మళ్లీ లేవదు. ఎస్‌డీ కార్డు పాడైందేమో అనుకుంటాం. కార్డు పాపం దానికేం తెలుసు.

జీరో 2 డబ్ల్యూలో రెండు మైక్రో యూఎస్‌బీ పోర్టులు విడివిడిగా ఉన్నాయి, ఒకటి కరెంటుకి, ఒకటి డేటాకి, కాబట్టి వై కేబుల్ అక్కర్లేదు. అయితే లోపల రెండు పోర్టుల 5 వోల్టులూ కలిసే ఉంటాయి, కనుక డేటా కేబుల్‌లో ఎర్ర తీగ తెంచాలన్న నియమం దానికీ వర్తిస్తుంది.

ఇంకో విచిత్రం. 2019లో వచ్చిన 4 బోర్డుల మొదటి విడతలో యూఎస్‌బీ-సీ దగ్గర ఒక రెసిస్టర్ తక్కువ పెట్టారు. దానివల్ల లోపల చిప్ ఉండే ఖరీదైన కేబుల్స్, లాప్‌టాప్ చార్జర్లతో వచ్చేవి ఉంటాయే, అవి ఈ బోర్డుని హెడ్‌ఫోన్ అడాప్టర్ అనుకుని కరెంటే ఇవ్వవు. తర్వాతి విడతల్లో సరిచేశారు. మీ దగ్గర పాత బోర్డు ఉండి, మంచి కేబుల్‌తో లేవకుండా మామూలు కేబుల్‌తో లేస్తోందంటే కంగారు పడకండి, కారణం అది.

కరెంటు చాలుతోందా లేదా అని ఊహించక్కర్లేదు, బోర్డునే అడగొచ్చు. టెర్మినల్‌లో వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ (vcgencmd get_throttled) అని కొడితే ఒక అంకె ఇస్తుంది. జీరో ఎక్స్ 0 అని వస్తే అంతా బాగున్నట్టు. 50000 అని వస్తే, ఇప్పుడు బాగానే ఉన్నా లేచినప్పటి నుంచి ఎప్పుడో వోల్టేజీ పడిపోయిందని, అందుకు వేగం తగ్గించుకోవాల్సి వచ్చిందని. 50005 వస్తే ఈ క్షణాన కూడా చాలట్లేదని. 4.63 వోల్టుల కిందకి దిగితే అది ఫిర్యాదు చేస్తుంది. తెర అప్పుడప్పుడూ గడ్డకట్టుకుపోతోంది, ఎందుకో తెలియట్లేదు అనేవాళ్లు ముందు ఈ అంకె చూసుకోండి. సాధారణంగా తప్పు అడాప్టర్‌ది కూడా కాదు, సన్నటి పొడుగాటి కేబుల్‌ది.

రిబ్బన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. బోర్డు మీద ఒకేలాంటి సాకెట్లు రెండుంటాయి, ఎస్‌డీ కార్డు వైపున్నది డిస్‌ప్లేది, హెచ్‌డీఎంఐ పోర్టులకీ ఆడియో జాక్‌కీ మధ్యలో ఉన్నది కెమెరాది, మనకి కావాల్సింది రెండోది. రిబ్బన్‌లో మెరిసే లోహపు గీతలు హెచ్‌డీఎంఐ వైపు చూడాలి, నీలం ముక్క ఈథర్నెట్ వైపు. బ్రిడ్జ్ వైపు ఎటు తిప్పాలో ఆ బోర్డు తయారీని బట్టి మారుతుంది, అక్కడ గీతలు సాకెట్ లోపలి పిన్నులకి ఆనుతున్నాయా లేదా చూసి పెట్టండి. కరెంటు ఉండగా మాత్రం పీకడం, పెట్టడం చెయ్యకండి. జీరో 2 డబ్ల్యూ వాళ్లకి సాకెట్ చిన్నది, 22 పిన్నులు, దానికి వేరే రిబ్బన్ కావాలి.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఇమేజ్, అంటే సాఫ్ట్‌వేర్ మొత్తం ఉండే ఒకే ఫైలు, దింపుకోవడం, కార్డు మీద రాయడం. ఒక్కటే జాగ్రత్త, బోర్డుని బట్టి, డాంగిలా బ్రిడ్జా అన్నదాన్ని బట్టి ఇమేజ్‌లు వేరువేరు. బ్రిడ్జ్ పెట్టుకుని డాంగిల్ ఇమేజ్ రాస్తే అన్నీ బాగానే లేస్తాయి, బొమ్మ మాత్రం రాదు. ఇంకో సంగతి, పైకేవీఎంలో డిస్క్ మామూలుగా చదవడానికే తెరిచి ఉంటుంది, రాయడానికి కాదు. కరెంటు ఎప్పుడు పోయినా కార్డు చెడకుండా అలా పెట్టారు. ఏదైనా మార్చాలంటే ముందు ఆర్‌డబ్ల్యూ అని కొట్టి, మార్చుకుని, ఆర్‌ఓ అని కొట్టి మూసెయ్యాలి. ఫైలు సేవ్ అవ్వట్లేదని మొరపెట్టుకునేవాళ్లకి జవాబు ఇదే.

ఇప్పుడు లోపాలు పట్టే పని. ఇది చూడండి, బ్రౌజర్‌లో తెరిచాను, తెర నల్లగా ఉంది. కావాలనే అలా పెట్టాను. కంప్యూటర్ చచ్చిందా, నిద్రపోతోందా, కేబుల్ ఊడిందా? ఏం చేస్తారు?

రీస్టార్ట్ అంటున్నారు. వద్దు. క్యాప్స్ లాక్ నొక్కండి.

కీబోర్డు మీద క్యాప్స్ లాక్ లైటు ఉంటుందే, దాన్ని వెలిగించేది కీబోర్డు కాదు. మీరు మీట నొక్కితే కీబోర్డు ఆ కబురు కంప్యూటర్‌కి పంపుతుంది, కంప్యూటర్ దాన్ని అర్థం చేసుకుని, సరే లైటు వెలిగించు అని వెనక్కి చెప్తుంది. అప్పుడే వెలుగుతుంది. మన పెట్టె కూడా కీబోర్డే కాబట్టి ఆ జవాబు దీనికీ వస్తుంది, ఇదిగో ఇక్కడ పేజీలో ఒక మూల చిన్న గుర్తు వెలిగింది చూశారా? దీన్నిబట్టి ఎంత తెలిసిందో చూడండి. మీ బ్రౌజర్ నుంచి పెట్టె దాకా నెట్‌వర్క్ బాగుంది. పెట్టె నుంచి కంప్యూటర్‌కి యూఎస్‌బీ బాగుంది, వెళ్లేదీ వచ్చేదీ రెండూ. కంప్యూటర్ బతికే ఉంది. మిగిలింది బొమ్మ దారి ఒక్కటే. తెర మీద ఏమీ కనపడకుండానే మూడు అనుమానాలు తీరిపోయాయి. కొన్ని బయోస్‌లు ఈ లైటు సంగతి పట్టించుకోవు, అందుకని వెలగనంత మాత్రాన కంప్యూటర్ పోయిందని తీర్పు చెప్పలేం. వెలిగిందా, అది మాత్రం ఖాయం.

వెలగకపోతే యూఎస్‌బీ దారి చూడాలి. బోర్డులో సిస్ క్లాస్ కింద యూడీసీ అనే ఫోల్డర్‌లో స్టేట్ అనే ఫైలు ఉంటుంది, చదివితే ఒకే మాట చెప్తుంది. కాన్ఫిగర్డ్ అంటే కంప్యూటర్ మనల్ని కీబోర్డుగా ఒప్పుకుంది. నాట్ అటాచ్డ్ అంటే అసలు తీగే తగల్లేదు, లేదా అటువైపు పోర్టు పడుకుంది. నాట్ అటాచ్డ్ అని వస్తే నూటికి తొంభైసార్లు మీ చేతిలో ఉన్నది చార్జింగ్ కేబుల్, లోపల డేటా తీగలే ఉండవు. పైకి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. మంచి కేబుల్ ఏదో తెలిసిన రోజున దానికి టేపు చుట్టి పేరు రాసుకోండి.

విండోస్‌లో కీబోర్డు బాగా పనిచేసి బయోస్‌లో చెయ్యకపోతే అది వేరే కథ. మన పెట్టె ఒకే తీగ మీద కీబోర్డు, మౌస్, డిస్క్ అన్నీ తానే అంటుంది. పాత బయోస్‌లు కొన్నింటికి ఇది మింగుడు పడదు, ఒక పరికరం అంటే ఒకటే అయి ఉండాలి వాటికి. సెట్టింగ్స్‌లో వర్చువల్ డిస్క్ తీసేసి చూడండి, తర్వాత మౌస్ కూడా తీసేసి చూడండి, ఉత్త కీబోర్డుగా మిగిలితే చాలావరకు ఒప్పుకుంటాయి. కీబోర్డు ఒక్కటి చాలు బయోస్‌కి. ఒకవేళ మౌస్ కావాలంటే అబ్సల్యూట్ నుంచి రిలేటివ్‌కి మార్చండి. అబ్సల్యూట్ అంటే తెర మీద ఫలానా చోట ఉన్నాను అని చెప్పడం, రిలేటివ్ అంటే ఇటు ఇంత జరిగాను అని చెప్పడం. మామూలు మౌస్‌లన్నీ రెండో రకం, బయోస్‌లకి తెలిసిందీ అదే.

బొమ్మ దారి. ముందుగా చూడాల్సింది సిగ్గుపడేంత చిన్న విషయం, కేబుల్ ఏ పోర్టులో ఉంది? విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లలో మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ చాలాసార్లు మూసేసి ఉంటుంది. కార్డు పోర్టులోనే పెట్టాలి. రెండోది, డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుల్స్ ఒకవైపే పనిచేస్తాయి, తిరగేసి పెడితే ఏమీ రాదు.

ఆ తర్వాతది ఈడీఐడీ. ప్రతి మానిటరూ కంప్యూటర్‌కి తన పేరు, ఊరు, తను చూపించగల రిజల్యూషన్లు ఒక చిన్న చిట్టీలా చెప్తుంది, మొదటి భాగం 128 బైట్లు. మన బ్రిడ్జ్ చిప్ దగ్గర ఆ చిట్టీ సొంతంగా ఉండదు, బోర్డు లేచాక సాఫ్ట్‌వేర్ రాసి పెడుతుంది. కంప్యూటర్ ముందు లేచి, మానిటర్ ఉందా అని చూసుకుని, లేదనుకుని ముందుకి వెళ్లిపోయాక మన పెట్టె లేస్తే కొన్ని మదర్‌బోర్డులు మళ్లీ వెనక్కి తిరిగి చూడవు. అందుకే పెట్టెని ముందు ఆన్ చేసి ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ చెయ్యండి. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండూ ఒకేసారి లేస్తాయి, కంప్యూటరే ముందు బయోస్ దాటేస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

ఇంకా లోతుకి వెళ్తే, బయోస్ కనపడి విండోస్ కనపడకపోవడమో, లేక దానికి రివర్సో జరుగుతుంది. ఇక్కడ కాస్త లెక్క ఉంది. 4 బోర్డు కెమెరా సాకెట్‌లో డేటా వచ్చే లేన్లు రెండే, ఒక్కోదానిలో 1 గిగాబిట్ కంటే కొంచెం తక్కువ పడుతుంది. 1920 బై 1080 బొమ్మ, పిక్సెల్‌కి 2 బైట్లు, సెకనుకి 60 సార్లు, గుణిస్తే 1.99 గిగాబిట్లు. రెండు లేన్లూ కలిపినా వెంట్రుకవాసిలో చాలదు! అదే 50 సార్లైతే 1.66, హాయిగా సరిపోతుంది. అందుకే ఈ పెట్టె తన చిట్టీలో 1080పీ, 50 హెర్ట్జ్ అని రాసుకుంటుంది. కొన్ని గ్రాఫిక్స్ కార్డులు దాన్ని లెక్కచెయ్యకుండా 60 పంపుతాయి, మనకి నో సిగ్నల్ వస్తుంది. అప్పుడు పంతానికి పోకుండా 720పీ మాత్రమే ఉన్న ఈడీఐడీ ఎక్కించండి, బతికిపోతారు. బయోస్ మార్చుకోవడానికి 720 చాలదా చెప్పండి.

సినిమా సైట్లు తెరిస్తే నల్లగా వస్తోందంటే అది హెచ్‌డీసీపీ, అంటే సినిమాలు కాపీ కాకుండా పెట్టిన రక్షణ, అది లోపం కాదు, దాని గురించి వెతుక్కుంటూ కూర్చోకండి.

ఇక మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలేది ఒకటుంది. పేజీలో టెక్స్ట్ పేస్ట్ చేసే పెట్టె ఉంటుంది, పొడుగు కమాండ్లు అక్కడ పెట్టి పంపొచ్చు. కానీ అది అక్షరాలు పంపదండీ, మీటల నంబర్లు పంపుతుంది, వేళ్లతో కొట్టినట్టే ఒక్కోటి. ఏ మీటకి ఏ అక్షరం అన్నది అవతలి కంప్యూటర్ నిర్ణయిస్తుంది. తెలుగు వాక్యం అందులో పేస్ట్ చేస్తే వెళ్లదు. దీనికి తిరగేసిన తమాషా ఇంకోటి. అవతల ఇన్‌స్క్రిప్ట్ తెలుగు ఎంచుకుని వదిలేశారనుకోండి, మీరు ఇంగ్లీషు కే మీట పంపితే అక్కడ క పడుతుంది, హెచ్ పంపితే ప పడుతుంది. పాస్‌వర్డ్ పెట్టెలో అన్నీ చుక్కలే కదా కనపడేది, ఎన్నిసార్లు కొట్టినా తప్పు అంటుంది. ముందు యూజర్ పేరు పెట్టెలోనో, ఎక్కడైనా కనపడే చోటనో కొట్టి చూసుకుని ఆ తర్వాత పాస్‌వర్డ్ కొట్టండి.

పవర్ బటన్. కంప్యూటర్ ముందు ఉండే బటన్ నుంచి రెండు తీగలు మదర్‌బోర్డు మీద రెండు పిన్నులకి వెళ్తాయి, వాటిని ఒక క్షణం కలిపితే ఆన్. అంతేనా, మన బోర్డు మీద ఉండే జీపీఐఓ పిన్ను నేరుగా తగిలించేస్తే పోలా అని ఉత్సాహపడకండి. రాస్ప్‌బెర్రీ పిన్నులు 3.3 వోల్టులకి మించి తట్టుకోవు, మదర్‌బోర్డు ఆ పిన్నుల మీద 5 వోల్టులు ఉంచొచ్చు, పవర్ లైటు పిన్నుల మీదైతే మరీను. మధ్యలో ఆప్టో రిలే పెట్టాలి, లోపల చిన్న లైటు వెలిగి అవతలి స్విచ్ మూసుకుంటుంది, రెండు వైపులకీ తీగ సంబంధం ఉండదు. ఒమ్రాన్ జీ3వీఎం రకాలు దీనికి వాడతారు, నాలుగు కావాలి: పవర్, రీసెట్ బటన్లకి రెండు, పవర్ లైటు, డిస్క్ లైటు చదవడానికి రెండు. బటన్ తీగలు ఎటు పెట్టినా పర్లేదు, లైటు తీగలకి మాత్రం ప్లస్ మైనస్ ఉంది. లైటు చదివే తీగలు మానెయ్యకండి, ఆన్‌లో ఉందో లేదో తెలియకుండా బటన్ నొక్కడం చీకట్లో బాణం వెయ్యడమే. ఆన్‌లో ఉన్నదాన్ని 4 సెకన్లకి పైగా నొక్కి పట్టుకుంటే టపీమని ఆరిపోతుంది, సేవ్ చెయ్యనివన్నీ గాల్లో కలిసిపోతాయి.

లాప్‌టాప్‌లకి ఈ పిన్నులు చేతికి అందవు. వాటికి వేక్ ఆన్ లాన్, అంటే నెట్‌వర్క్ నుంచి కబురు పంపి లేపడం, ఒకటే దారి, బయోస్‌లో ఆన్ చేసుకుని ఉండాలి, ఈథర్నెట్ తీగ ఉంటే ఇంకా నయం. వెళ్లే ప్యాకెట్ చాలా చిన్నది, ఎఫ్ఎఫ్ అనే బైటు 6 సార్లు, తర్వాత ఆ కంప్యూటర్ మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్‌వర్క్ కార్డు నంబరు, 16 సార్లు, మొత్తం 102 బైట్లు. డెస్క్‌టాప్‌లకి ఇంకో చిట్కా, కరెంటు పోయి వస్తే దానంతట అదే లేచేలా బయోస్‌లో ఒక ఆప్షన్ ఉంటుంది, అది ముందే పెట్టుకోండి.

నెట్‌వర్క్ గురించి రెండు ముక్కలు, కానీ గట్టిగా. ఈ పెట్టె పేజీ ఎవరి చేతికి చిక్కినా వాళ్లు మీ కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నట్టే. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేసి దీన్ని ఇంటర్నెట్‌లో బాహాటంగా పెట్టకండి, దయచేసి. వైర్‌గార్డో టెయిల్‌స్కేలో, అంటే ఏదో ఒక వీపీఎన్ పెట్టుకుని దాని లోపల నుంచి రండి. ఇమేజ్‌తో వచ్చే పాస్‌వర్డ్‌లు, లైనక్స్‌కి రూట్, వెబ్‌కి అడ్మిన్, లోకానికంతా తెలుసు, ఆ రెండూ విడివిడిగా మార్చాలి, ఒకటి మార్చి ఊరుకుంటే చాలదు. రెండో అంచెగా ఫోన్‌లో వచ్చే ఆరంకెల కోడ్ కూడా పెట్టుకోవచ్చు. అది పెట్టాక ఒకరోజు కోడ్ సరిగ్గానే కొట్టినా తప్పంటే గడియారం చూడండి. 4 బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు, కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకోవాలి. అది అందకపోతే పాత టైమ్‌లోనే ఉంటుంది, 30 సెకన్లకోసారి మారే కోడ్ ఎలా కలుస్తుంది మరి?

అలాగే ఇది మీ సొంత కంప్యూటర్‌కే. ఆఫీసు వాళ్ల కంప్యూటర్‌కి తగిలించాలంటే వాళ్లని అడిగి తగిలించండి. దాన్ని దొంగచాటు పరికరంగానే చూస్తారు, చూడటంలో తప్పు కూడా లేదు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, వైఫైతో నడపొచ్చా? జీరోలో ఈథర్నెట్ లేదు కదా.

నడుస్తుందండీ, కానీ ఆపత్కాలంలో వాడే వస్తువుకి వైఫై నాకు నచ్చదు. జీరో 2 డబ్ల్యూ వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, చుట్టుపక్కల రద్దీ ఎక్కువగా ఉంటే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. తప్పదంటే ఫ్రేములు తగ్గించండి, హెచ్‌264 పెట్టుకోండి. హెచ్‌264 పెడితే నల్ల తెర వచ్చి, ఎంజెపెగ్ అనే ఇంకో వీడియో రూపంలో బాగా వస్తోందంటే బొమ్మ దారి తప్పు కాదు, హెచ్‌264 వీడియో వెబ్‌ఆర్‌టీసీ మీద, అంటే యూడీపీ మీద వస్తుంది, మధ్యలో ఏదో ఫైర్‌వాల్ ఆపుతోందని అర్థం.

ప్రశ్న: వర్చువల్ డిస్క్‌తో విండోస్ మళ్లీ వెయ్యాలని చూశానండి, ఐఎస్‌ఓ ఎక్కించాను, బూట్ మెనూలో కనపడట్లేదు.

సీడీగా పెట్టారా, ఫ్లాష్‌గా పెట్టారా? సీడీగానా. పెద్ద ఐఎస్‌ఓలతో సీడీ పద్ధతి కొన్నిచోట్ల మొరాయిస్తుంది, ఫ్లాష్‌గా మార్చి చూడండి. ఇంకోటి, ఇమేజ్‌ని కనెక్ట్ చేశాక కంప్యూటర్ రీస్టార్ట్ చేశారా, లేక బూట్ మెనూ తెరిచి ఉండగా కనెక్ట్ చేశారా? బయోస్ ఆ జాబితాని లేచేటప్పుడు ఒక్కసారే రాసుకుంటుంది. ముందు కనెక్ట్, తర్వాత రీస్టార్ట్. ఈ యూఎస్‌బీ 2 వేగంతో విండోస్ వెయ్యడం మాత్రం ఓపిక ఉన్నవాళ్ల పని, మొదలుపెట్టి వేరే పని చూసుకోండి.

ప్రశ్న: ఒకే పెట్టెతో నాలుగు కంప్యూటర్లు చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, మధ్యలో హెచ్‌డీఎంఐ కేవీఎం స్విచ్ పెట్టి. కాకపోతే స్విచ్ కూడా తన సొంత ఈడీఐడీ చెప్పడం మొదలుపెడుతుంది, కొన్నైతే యూఎస్‌బీ వైపు మన కీబోర్డుని అనుకరించబోయి చెడగొడతాయి. అందుకని ముందు స్విచ్ లేకుండా ఒక్క కంప్యూటర్‌తో అన్నీ తేల్చుకుని, క్యాప్స్ లాక్ వెలిగి, బయోస్ కనపడి, పవర్ బటన్ పనిచేశాకే స్విచ్ మధ్యలోకి తీసుకురండి. అప్పుడు ఏది ఆగినా దోషం స్విచ్‌దే.

ప్రశ్న: దగ్గర లేనప్పుడు ఈ పెట్టే ఆగిపోతే?

దానికి విడిగా ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టుకోవచ్చు, ఆఫ్ చేసి ఆన్ చెయ్యడానికి. ఆ ప్లగ్‌కి ఈ అడాప్టర్ ఒక్కటే తగిలించండి, కంప్యూటర్‌ది వద్దు. ఇందాక చూపించిన ఎర్ర తీగ తెగి ఉంటేనే ఆ ప్లగ్ వల్ల లాభం, లేకపోతే మీరు అక్కడ ఎన్నిసార్లు ఆపినా ఇది ఆగదు. కావాలంటే ఇప్పుడే పైకి రండి, రెండు కేబుల్సూ ఇక్కడే ఉన్నాయి, మీటర్ పెట్టి చూపిస్తాను.